బామ్మర్ది బతకాలి

బావమరిది బతక గోరును, దాయాది చావ గోరును అని మన పెద్దవాళ్లు ఒక సామెత చెబుతుంటారు. మనం పోతే దాయాదికి గట్టు కలిసొస్తుంది. బావమరిదికి అలా కాదు. బావ బాగుంటేనే అక్క కాపురం, పండక్కి రాకపోకలు, విస్తరి దగ్గర ఎకసెక్కాలు. రోజంతా ఆటపట్టిస్తాడు గానీ, సాయంత్రానికి బావ క్షేమంగా ఇంటికి చేరాలనే కోరుకుంటాడు.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఈ సామెతతో ఒక్కోసారి గట్టి పని పడుతుంది. మన జట్టుకి బద్ధశత్రువు అనుకున్న క్లబ్బు డబ్బుల్లేక కూలిపోయిందని కబురొస్తుంది. అప్పుడు మనం దాయాదిలా కొబ్బరికాయ కొట్టాలా, బావమరిదిలా బెంగపెట్టుకోవాలా?

నాకీ ప్రశ్న హైదరాబాద్ ఎఫ్‌సి వల్ల ఎదురైంది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్, కప్పు గెలిచిన జట్టది. నాలుగేళ్లు తిరక్కుండానే ఆటగాళ్లకి జీతాలివ్వలేక, చేతులు మారి, పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఒక క్రికెట్ జట్టుకి ఇలా జరిగితే మన టీవీల్లో వారం రోజులు చర్చలు నడిచేవి. ఫుట్‌బాల్ కాబట్టి ఆటల పేజీ అడుగున చిన్న వార్తతో సరిపోయింది. చాలామంది తెలుగువాళ్లకి అసలు మనకో ఛాంపియన్ ఫుట్‌బాల్ జట్టు ఉండేదని కూడా, అది పోయాకే తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఆ క్లబ్బు అభిమానిని కాను. నాది ఎదుటి పక్షం. కేరళ బ్లాస్టర్స్ మనిషిని.

మా రాయవరంలో ఎవరికైనా ఈ మాట చెబితే ముందు నవ్వుతారు. "కొబ్బరిచెట్లు చూసి ఇది కూడా కేరళే అనుకున్నావా ఏంటి?" అంటారు. కోనసీమని ఆంధ్రా కేరళ అంటారు గదా, నేనా మాటని మరీ నిజమనుకున్నానని వాళ్ల వెటకారం. అసలు కారణం వేరే ఉంది. 2014లో ఆ క్లబ్బు పెట్టినప్పుడు సచిన్ టెండూల్కర్ పక్కన ఉన్న భాగస్వామి మన పొట్లూరి వరప్రసాద్, పీవీపీ. సచిన్‌కున్న 'మాస్టర్ బ్లాస్టర్' బిరుదులోంచే జట్టుకి ఆ పేరొచ్చింది. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ అందులో భాగస్వాములయ్యారు. చిరంజీవి వాటా ఉన్న జట్టు ఆడుతుంటే గోదావరి జిల్లాల్లో టీవీ కట్టేసేవాడెవడండీ? అలా సొమ్ము తెలుగువాళ్లది, కేక మలయాళీలది అయిన జట్టు నాకు పట్టుకుంది. 2018లో సచిన్ తన వాటా వదులుకున్నాడు. నేను మాత్రం వదల్లేదు.

మా బామ్మర్ది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2019 దాకా వాడికి ఫుట్‌బాల్ అంటే నన్ను ఎగతాళి చేయడానికి దొరికిన వస్తువు మాత్రమే. ఆ ఏడు హైదరాబాద్ ఎఫ్‌సి పుట్టింది. వాడి ఆఫీసుకి కూతవేటు దూరంలోనే వాళ్ల మైదానం. ఆ మైదానం పేరు జీఎంసీ బాలయోగి స్టేడియం. అమలాపురం నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకరై, 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన మా బాలయోగిగారి పేరు. "మీ కోనసీమ ఆయన పేరున్న గ్రౌండు బావా, నువ్వు పరాయి జట్టుకి చప్పట్లు కొడతావేంటి?" అని మొదలెట్టాడు. అప్పట్నుంచి మా ఇద్దరికీ ఇదే గొడవ. వాడు డెక్కన్ లీజియన్ అనే అభిమానుల గుంపులో చేరాడు. నేను పసుపు చొక్కా కొనుక్కున్నాను. తీరా చూస్తే వాళ్ల చొక్కా కూడా పసుపే!

నిజానికి హైదరాబాద్ ఎఫ్‌సి పుట్టిందే ఇంకో క్లబ్బు కూలిపోవడం వల్ల. పూణే సిటీ అనే జట్టు డబ్బు ఇబ్బందుల్లో పడి మూతపడితే, లీగ్‌లో ఆ ఖాళీ హైదరాబాద్‌కి వచ్చింది. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ అనే జట్టు ఢిల్లీని వదిలేసి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సి అయింది. ఆరేళ్లు గడిచాక హైదరాబాద్ జట్టు వెళ్లి ఢిల్లీ ఖాళీని నింపింది. పూణే వాళ్లది హైదరాబాద్‌కి, ఢిల్లీ వాళ్లది భువనేశ్వర్‌కి, హైదరాబాద్ వాళ్లది ఢిల్లీకి. సంతలో పశువు చేతులు మారినట్టు మారాయి. ప్రతి ఊళ్లోనూ ఆ జట్టు రంగు చొక్కా కొనుక్కున్న పిల్లలు మాత్రం ఎక్కడి వాళ్లు అక్కడే ఉండిపోయారు.

మొదటి సీజన్‌లో హైదరాబాద్ 18 మ్యాచుల్లో రెండే గెలిచి ఆఖరున నిలిచింది. ఆ ఏడు బామ్మర్ది మా ఇంటికి ఫోన్ చేయడం తగ్గించాడు. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. కుర్రాళ్లని నమ్ముకున్నాడు. జట్టు మారిపోయింది. అది కరోనా కాలం. లీగ్ మొత్తం రెండు సీజన్లు గోవాలోనే, ఖాళీ మైదానాల్లో ఆడించారు. 2021-22లో నైజీరియా ఆటగాడు బార్తొలోమ్యూ ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. అంతకు రెండేళ్ల ముందు అతను మా జట్టులో ఉండి 15 కొట్టినవాడే.

2022 మార్చి 20, గోవా ఫతోర్డా మైదానం. ఫైనల్లో వాళ్లూ మేమూ. ఆ ఒక్క మ్యాచ్‌కి జనాన్ని రానిచ్చారు. కేరళ నుంచి వేలమంది పసుపు చొక్కాలతో దిగారు. కానీ లీగ్ పట్టికలో హైదరాబాద్ మాకంటే పైన ఉంది కాబట్టి పసుపు చొక్కా హక్కు వాళ్లదన్నారు. మావాళ్లు నల్ల చొక్కాలేసుకుని ఆడారు. గ్యాలరీలో మా పసుపు, మైదానంలో వాళ్ల పసుపు.

68వ నిమిషంలో మా రాహుల్ కె.పి. గోల్ కొట్టాడు. ఇరవై నిమిషాలు నేను మంచం మీద కూర్చోలేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని దూరం నుంచి బాది సమం చేశాడు. పెనాల్టీలకి వెళ్లింది. వాళ్ల గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మా తన్నులు మూడు ఆపాడు. గెలుపు పెనాల్టీ కొట్టింది హాలీచరణ్ నర్జరీ. అతనూ ఒకప్పుడు మావాడే. 2014, 2016, 2022, మూడు ఫైనల్స్‌లోనూ మాకు కప్పు దక్కలేదు. రాత్రి పదకొండున్నరకి బామ్మర్ది ఫోన్. "బావా, పడుకున్నావా?" అంతే అడిగాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అందుకే ఇంకా మండింది.

ఆ రాత్రి నుంచి నాకు ఆ క్లబ్బు ఒక బాకీ ఉంది. మళ్లీ ఫైనల్లోనో, సెమీఫైనల్లోనో తగలాలి, ఓడించాలి, రాత్రి పదకొండున్నరకి నేను ఫోన్ చెయ్యాలి.

తర్వాతి సీజన్‌లో కూడా వాళ్లు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. బయటికి అంతా బాగానే కనబడింది. 2023లో మనోలో గోవా జట్టుకి వెళ్లిపోయాడు. ఆపైన ఒక్కొక్క కొయ్యా ఊడటం మొదలైంది. జీతాలు అందలేదని ఆటగాళ్లు బయటపడ్డారు. ఒగ్బెచెకి ఇవ్వాల్సిన బకాయి మీద ఫిఫా కల్పించుకుని, కొత్త ఆటగాళ్లని నమోదు చేసుకోవద్దని క్లబ్బుని నిషేధించింది. కప్పు తెచ్చిపెట్టిన చేతికే కూలి ఎగ్గొట్టినట్టయింది. కొత్తగా వచ్చిన కోచ్ కోనర్ నెస్టర్ సీజన్ మధ్యలో వెళ్లిపోతే తంగ్‌బోయ్ సింగ్టో పగ్గాలు పట్టాడు. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకి, మహమ్మద్ యాసిర్ గోవాకి వెళ్లిపోయారు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. బ్రెజిల్ నుంచి వచ్చిన కెప్టెన్ జొవావ్ విక్టర్ మాత్రం ఉండిపోయాడు. మిగిలిన చోట్లలో రిజర్వు కుర్రాళ్లని దించారు. ఆ సీజన్‌లో 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, చెన్నైయిన్ మీద. మొత్తం 8 పాయింట్లు. ఆఖరి స్థానం.

మా వైపు మిల్లు నడిపేవాడు ఇలా అయితే 'ఐపీ పెట్టేశాడు' అంటారు. హైదరాబాద్ క్లబ్బు కాగితాల మీద ఐపీ పెట్టిందని నేననను. ఊళ్లో జనానికి మాత్రం ఆ మాట ఒక్కటే ఆనుతుంది. ఐపీ పెట్టినవాడి ఇంటి ముందు ఎవరెవరు నిలబడతారో మాకు తెలుసు. ధాన్యం తోలి చీటీ పట్టుకున్న రైతు, హమాలీ, లారీవాడు. ఇంకో సంగతి కూడా తెలుసు. పక్క మిల్లువాడు ఆ రోజు లోపల్లోపల సంతోషపడినా, వచ్చే పంటకి వాడికీ తిప్పలే. ఒకడి దగ్గర మునిగిన రైతు తర్వాత ఎవడికీ అరువు మీద ధాన్యం తోలడు. ఒకడి ఐపీ బజారు మొత్తం పరపతిని తినేస్తుంది.

ఫుట్‌బాల్ క్లబ్బు లెక్క మిల్లు లెక్కంత కష్టం కాదు. వచ్చేది నాలుగు దారుల్లో. టికెట్లు, చొక్కా మీద కంపెనీ పేరు, లీగ్ ఆదాయంలో వాటా, ఆటగాణ్ణి వేరే క్లబ్బుకిస్తే వచ్చే రుసుము. పోయే దారులు ఇంకా ఎక్కువ. జీతాలు, విమానాలు, హోటళ్లు, మైదానం, డాక్టర్లు, కుర్రాళ్ల శిక్షణ, ఆపైన లీగ్‌కి కట్టే ఫ్రాంచైజీ ఫీజు. మన దేశంలో ఐఎస్ఎల్ క్లబ్బుల రాబడి ఖర్చుని అందుకోవడం లేదు. ఆ గొయ్యిని ఏటా యజమాని తన జేబులోంచి పూడ్చాలి. ఆయనకున్న వేరే వ్యాపారం బాగున్నంత కాలం క్లబ్బు బాగుంటుంది. అక్కడ తేడా వస్తే ఇక్కడ మొదట ఆగేది జీతాలు.

హైదరాబాద్ విషయంలో ఇంకో దురదృష్టం కూడా కలిసింది. వాళ్లు కప్పు గెలిచిన ఏడు సొంతూళ్లో ఒక్క మ్యాచూ ఆడలేదు. అంతా గోవాలోనే. ఊరు జట్టుని ప్రేమించాల్సిన ఏడే ఊళ్లో జట్టు లేదు. ఈ మాట రాస్తుంటే ఇంకో జట్టు గుర్తొస్తోంది. మీకూ గుర్తొచ్చే ఉంటుంది. దక్కన్ ఛార్జర్స్. 2008లో మొదటి ఐపీఎల్‌లో ఆఖరి స్థానం. 2009లో ఛాంపియన్లు. ఎన్నికల వల్ల ఆ ఏడు ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాలో ఆడారు. గిల్‌క్రిస్ట్ కప్పు ఎత్తింది జొహానెస్‌బర్గ్‌లో. 2012 సెప్టెంబరుకల్లా యజమాని సంస్థ అప్పుల్లో మునగడం, బీసీసీఐ ఆ ఫ్రాంచైజీని రద్దు చేయడం జరిగిపోయాయి. క్రికెట్‌లోనూ ఫుట్‌బాల్‌లోనూ హైదరాబాద్‌ది ఒకటే కథ. ఆఖరి స్థానం, పరాయి నేల మీద కప్పు, తర్వాత అప్పు.

తేడా ఒక్కటే. దక్కన్ ఛార్జర్స్ పోయిన నెలకే సన్ టీవీ వచ్చి కొత్త ఫ్రాంచైజీ కొనుక్కుంది. సన్‌రైజర్స్ అన్నారు, కాషాయం చొక్కాలేశారు, ఊరు మర్చిపోయింది. ఫుట్‌బాల్‌కి అలా ఎవరూ పరిగెత్తుకు రాలేదు. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ హైదరాబాద్ క్లబ్బుని తీసుకుంది. ఒక్క సీజన్ ఇక్కడ నడిపి, 2025లో ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టుకుంది. కొన్నవాళ్లని తప్పుపట్టలేం. బకాయిల్లో ఉన్న ఇంటిని కొన్నవాడు తనకి వీలైన ఊళ్లో కాపురం పెట్టుకుంటాడు. అడగాల్సింది, ఊళ్లోవాళ్లని ఎవరైనా ఒక్క మాట అడిగారా అని.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తా అంటే, కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. వాళ్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. ఆ రోజుల్లో స్పాన్సర్లు లేరు, టీవీ హక్కుల్లేవు. పోలీస్ జట్టు ఆటగాళ్లకి పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. గెలిచినా ఓడినా ఒకటో తారీకున జీతం. ఆ ఐదు రోవర్స్ కప్పుల వెనక రహీం సాబ్ బుర్రతోపాటు ఆ ఒకటో తారీకు కూడా ఉందని నా నమ్మకం.

2024 ఉగాదికి మా అత్తారింటికి హైదరాబాద్ వెళ్లాను. పండగైన మూడో రోజు, ఏప్రిల్ 12న, గచ్చిబౌలిలో వాళ్లకీ మాకూ మ్యాచ్. బామ్మర్దే టికెట్లు తీశాడు. వాడు డెక్కన్ లీజియన్ వైపు, నేను మా పసుపు గుంపులో. ఊరు వాళ్లదే గానీ, గొంతు ఎక్కువగా మాదే వినబడింది. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే మలయాళీ కుర్రాళ్లు డప్పులతో వచ్చారు. మావాళ్లు 3-1తో గెలిచారు. రెండేళ్ల నుంచీ ఎదురుచూసిన గెలుపు నోట్లో చప్పగా తగిలింది. ఎదురుగా ఆడుతున్నవాళ్లలో నన్ను ఓడించినవాళ్లు దాదాపు ఎవరూ లేరు. కట్టిమణి చేతుల ముందు గోల్ పడితే కదా పగ తీరేది. వీళ్లేమో ఇంకా మీసం సరిగా రాని కుర్రాళ్లు. జీతం ఎప్పుడొస్తుందో తెలీకుండా, తొంభై నిమిషాలూ పరిగెడుతూనే ఉన్నారు.

ఆట అయ్యాక బయట కారు దగ్గర బామ్మర్ది కోసం ఆగాను. ఏదో ఒకటి అందామని అప్పటికే రెండు మాటలు తయారుచేసి పెట్టుకున్నాను. వాడొచ్చి, "మావాళ్లు బానే ఆడారు కదా బావా?" అన్నాడు. "ఆ, బానే ఆడార్రా" అన్నాను. "వచ్చే ఏడు ఉంటామో లేదో" అన్నాడు. నా రెండు మాటలూ నాలోనే ఉండిపోయాయి. దార్లో ఇద్దరం ఇరానీ చాయ్ తాగి, ఫుట్‌బాల్ తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

ఎదుటివాడి పతనం పండగలా కనబడటం ఒక్క మన దగ్గరే కాదు. స్కాట్లాండ్‌లో గ్లాస్గో ఊరికి రెండు పెద్ద క్లబ్బులు. సెల్టిక్, రేంజర్స్. వాళ్ల పగ ముందు మన ఫ్యాక్షన్లు కూడా కాస్త తగ్గాలి. 1872లో పుట్టిన రేంజర్స్ 2012లో పన్ను బకాయిలతో, అప్పులతో కూలింది. కొత్త కంపెనీ పేరు మీద నాలుగో అంచె నుంచి మళ్లీ మొదలెట్టింది. సెల్టిక్ అభిమానులు జెల్లీ, ఐస్‌క్రీం అంటూ పాట కట్టి మరీ పాడుకున్నారు. ఆ తర్వాత నాలుగు సీజన్లు ఒకే లీగ్‌లో వాళ్లకి ఎదురుపడే రేంజర్స్ లేదు. 2012 నుంచి 2020 దాకా సెల్టిక్ వరసగా తొమ్మిదిసార్లు లీగ్ గెలిచింది. గెలిచారు, నిజమే. పక్కింటివాడు వింటేనే కదండీ మన ఇంట్లో పాట పెద్దగా పెట్టుకునేది!

ఇంగ్లండ్‌లో ఇంకో కథ ఉంది. వింబుల్డన్ క్లబ్బుని వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతి వస్తే, ఊళ్లో మిగిలిన అభిమానులు తలా కొంచెం వేసుకుని ఏఎఫ్‌సి వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. కింది అంచెల్లో ఆడుతూ ఆడుతూ తొమ్మిదేళ్లలో దేశపు లీగ్‌లోకి ఎక్కేశారు. ఇది బామ్మర్దికి చెప్పాను. "మేం తలా కొంచెం వేసుకుంటే గ్రౌండు అద్దె కూడా రాదు బావా" అన్నాడు. అయినా పేరు మాత్రం అడిగి రాసుకున్నాడు.

ఇప్పుడు నా జట్టు సంగతికి వద్దాం. హైదరాబాద్ కూలినప్పుడు మా వాట్సాప్ గుంపులో కొందరు 'ఒక పీడ పోయింది' అన్నారు. ఏడాది గడిచిందో లేదో మంట మా చూరుకి కూడా అంటుకుంది. 2025 జులైలో లీగ్ నిర్వాహకులు కొత్త సీజన్ నిలిపేస్తున్నామన్నారు. ఫెడరేషన్‌తో వాళ్ల ఒప్పందం డిసెంబరు 8తో ముగుస్తుంది, కొత్తది కుదరలేదు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సి మొదటి జట్టు జీతాలు ఆపింది. చెన్నైయిన్ కార్యకలాపాలు నిలిపేసింది. లీగ్ హక్కులకి టెండరు పిలిస్తే నవంబరులో గడువు ముగిసేసరికి ఒక్కడూ బిడ్డు వెయ్యలేదు. మా కెప్టెన్ అడ్రియాన్ లూనా ఆట కోసం ఇండొనేషియా లీగ్‌కి అరువు మీద వెళ్లాడు. సీజన్ చివరికి 2026 ఫిబ్రవరిలో, కుదించి, మొదలైంది. హైదరాబాద్ ఒక్కటే పుచ్చు అనుకున్నవాళ్లకి దూలం మొత్తం కనబడింది.

మా కోనసీమలో కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం జరుగుతుంది. అంబాజీపేట దగ్గర మొసలపల్లిలో. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభలు పంటచేల మీదుగా వచ్చి, కౌశిక కాలువ నీళ్లలోకి దిగి, భుజాల మీదే ఒడ్డుకెక్కుతాయి. మా ఊరి ప్రభ ఎత్తంటే మా ఊరిది ఎత్తు, మా అలంకారం బాగుందంటే మాది బాగుంది. ఏటా ఇదే పంతం. అంత పంతం ఉన్న ఊళ్లలో కూడా ఫలానా ఊరి ప్రభ ఈ ఏడు రాకపోతే బాగుండునని కోరుకునేవాడు ఒక్కడు కనబడడు. పది ప్రభలకి ఏకాదశ రుద్రులని పేరు రాదు. ఫుట్‌బాల్ జట్టుకి కూడా పదకొండుమందే. లీగ్‌కి ఈ లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఎదుటి జట్టు రాకపోతే మన జట్టుకి ఆడే పనే లేదు.

అందుకని ఎదుటి క్లబ్బు అభిమానిగా నేను అడిగేవి మూడే. సీజన్ మొదలయ్యే ముందే ప్రతి క్లబ్బూ ఆ ఏటి జీతాలకి సరిపడా బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. పెట్టలేని క్లబ్బు ఆటగాళ్లతో ఒప్పందాలు రాయకూడదు. రెండోది, క్లబ్బు జమాఖర్చులు చొక్కా కొనుక్కున్నవాడు కూడా చదివేలా బయటపెట్టాలి. దేవాలయం హుండీ లెక్కే ఊళ్లో చదివి వినిపిస్తున్నాం, పదివేలమంది కేకలేసే క్లబ్బు లెక్క చెప్పడానికేం? మూడోది, క్లబ్బుని ఊరు దాటించేముందు ఆ ఊరి అభిమానుల సంఘాల మాట వినాలి. ఇవి హైదరాబాద్‌కి రావాల్సినవని చెప్పడం లేదు. మా కేరళ బ్లాస్టర్స్‌కి కూడా రావాలి. ముందు అక్కడికే రావాలి. మా జట్టు కప్పు కొట్టలేదనే దిగులు నాకు పాతదే. మావాళ్ల జీతాలు ఏ తారీకున పడుతున్నాయన్న దిగులు కొత్తగా పట్టుకుంది.

లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సి ఆడిన ఆఖరి మ్యాచ్ ఎవరితోనో తెలుసా? మాతోనే. 2025 మార్చి 12, గచ్చిబౌలి. మావాళ్లు తలతో ఒక గోల్ కొట్టారు. వాళ్ల కుర్రాడు సౌరవ్ వెనక్కి ఎగిరి, గాల్లోనే సైకిల్ తొక్కినట్టు తన్ని సమం చేశాడు. 1-1. ఆ గోల్ చూస్తే ఎదుటివాడైనా లేచి నిలబడాల్సిందే. నేనూ లేచాను. ఆ క్లబ్బు పేరు మీద లీగ్‌లో పడిన చివరి గోల్ అదవుతుందని ఆ క్షణాన ఎవరికీ తెలీదు.

బకాయిల పట్టికలో ఆటగాళ్లున్నారు, కోచ్‌లున్నారు. నా బాకీ అందులో ఉండదు. ఢిల్లీ జట్టుని ఎన్నిసార్లు ఓడించినా అది చెల్లు పడదు. హైదరాబాద్‌లో మళ్లీ ఎవరైనా పెద్ద జట్టు పెడితే, వాళ్లు ఏ రంగు చొక్కా వేసుకున్నా సరే, మొదటి రోజే మా చేతిలో ఓడాలని కోరుకుంటాను. రాత్రి పదకొండున్నరకి బామ్మర్దికి ఫోన్ చేస్తాను. అంతకుముందు మాత్రం వాళ్ల కుర్రాళ్లకి ఒకటో తారీకున జీతాలు పడాలి.